అమ్మ ఎక్కడ కూర్చోవాలి? – ఒక కెఫే రేసర్ పాఠం

చింతలనార్ అనే పేరు మన బడిలో కొందరు పిల్లలకు ఇంట్లో రోజూ వినపడే పేరే. ఛత్తీస్‌గఢ్‌లో, సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండ వెళ్లే దారిలో ఉంది ఆ ఊరు. చింత మనకు తెలిసిన చెట్టే. నార్ అంటే గోండి, కోయ మాటల్లో ఊరు. చింతచెట్ల ఊరన్నమాట. 2010 ఏప్రిల్ 6న దానికి దగ్గర్లోని తాడ్‌మెట్ల అడవిలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయినప్పుడు దేశమంతా ఈ పేరు విన్నది.

మా తెలుగు తరగతిలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడున్నాడు. వాళ్ల నాన్నగారి ఉద్యోగం ఇప్పుడు అక్కడి శిబిరంలోనే. కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేదు. అందుకని అమ్మ, అబ్బాయి, నాన్నగారి పాత 100 సీసీ బండి ఇక్కడి క్వార్టర్స్‌లో ఉండిపోయారు. బండి మెట్ల కింద, టార్పాలిన్ కప్పుకుని ఉంది. ఒకరోజు తరగతిలో ‘మీకు నచ్చిన వస్తువు గురించి పది వాక్యాలు రాయండి’ అంటే వాడు ఆ బండి గురించి రాశాడు. పదో వాక్యం ఇది: ‘నాన్న సెలవుకు వచ్చేలోపు దీన్ని కెఫే రేసర్‌గా మారుస్తాను.’

అలా మొదలైంది ఈ పాఠం. నలుగురు పిల్లలు, మేము కలిసి నాలుగు ఆదివారాలు వాళ్ల వరండాలో కూర్చున్నాం.

ముందు మాట సంగతి చూద్దాం. కెఫే రేసర్ అనేది ఏదో కంపెనీ పేరు కాదు. ఇంగ్లండులో 1950లు, 60ల నాటి కుర్రకారు తమ బండ్లను తామే విప్పి, తేలిక చేసి, వేగం పెంచుకున్న పద్ధతికి వచ్చిన పేరు. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద 1938లో ఏస్ కెఫే అని ఒకటి తెరిచారు. పెద్ద హోటలేమీ కాదు, లారీ డ్రైవర్లు రాత్రింబవళ్లు ఆగి టీ తాగే చోటు. మన హైవే దాబా అనుకోండి. మోటారు సైకిళ్ల కుర్రాళ్లు అక్కడ చేరేవారు. పాటల పెట్టెలో నాణెం వేసి, పాట అయిపోయేలోగా ఫలానా మలుపు దాకా వెళ్లి తిరిగి రావాలని పందెం కాసేవారని కథగా చెప్పుకుంటారు. గంటకు 100 మైళ్లు, అంటే సుమారు 161 కిలోమీటర్లు అందుకోవడం వాళ్లకు గొప్ప. 1969లో మూతపడిన ఆ కెఫే 2001లో మళ్లీ తెరుచుకుంది.

ఆ రోజుల్లో నార్టన్ కంపెనీ ఫ్రేమ్ గట్టిది, ట్రయంఫ్ కంపెనీ ఇంజను చురుకైనది. రెండూ కలిపి బిగించి ఆ బండికి ట్రైటన్ అని పేరు పెట్టారు. ట్రయంఫ్‌లో ముందు సగం, నార్టన్‌లో చివరి సగం. సంధి పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ ఇస్తే పిల్లలు ఇక మరిచిపోరు. (ఇది ఏ సంధి అని మాత్రం అడగకండి.) కుర్రాళ్ల సరదా చూసి 1964లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీయే ‘కాంటినెంటల్ జీటీ’ అని 250 సీసీ బండిని ఆ రూపంలో తయారు చేసి అమ్మింది. అప్పటికే, 1955 నుంచి, మద్రాసులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లు తయారవుతున్నాయి. ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడినా మద్రాసులో ఆగలేదు. 2013లో అదే పేరుతో ఒక కొత్త బండి మన దేశం నుంచే వచ్చింది. హైదరాబాదులో ఎయిమోర్ కస్టమ్స్ లాంటి వర్క్‌షాపులు బుల్లెట్లకు కొత్త రూపాలిచ్చి పేరు తెచ్చుకున్నాయి.

ఇక బండి దగ్గరకు వద్దాం. కెఫే రేసర్‌ను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. హ్యాండిల్ కిందకి ఉంటుంది. కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు వెనక్కి జరిగి ఉంటాయి. ట్యాంకు పొడుగ్గా ఉంటుంది. సీటు ఒక్కరికే, దాని వెనక ఎద్దు మూపురంలా ఒక హంప్. మడ్‌గార్డులు దాదాపు ఉండవు. ఇదంతా అందం కోసమేనా అని పిల్లలు అడిగారు. కాదు, గాలి కోసం. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల దగ్గర ఉన్న అడ్డు 160 దగ్గర పదహారు రెట్లు. అందుకే వాళ్లు ట్యాంకు మీదకు వంగి, గాలికి తక్కువ కనపడేలా కూర్చునేవారు. మన వాడి 100 సీసీ బండి మార్కెట్టుకు 40లో వెళుతుంది. ఆ వేగంలో వంగి కూర్చుంటే గాలి పెద్దగా తగ్గదు, మణికట్లు మాత్రం నొప్పెడతాయి. ఇది చెబితే వాడి ముఖం చిన్నబోయింది. అయినా సరదాకీ లెక్కకీ ఎప్పుడు కుదిరింది గనక.

మొదటి ఆదివారం వాడు రంపం తెచ్చాడు. సీటు కింద ఫ్రేమ్ వెనక భాగం కోసేస్తే కానీ హంప్ అందంగా కూర్చోదని ఎక్కడో చూశాడట. అప్పుడే వాళ్లమ్మగారు టీ పట్టుకొచ్చారు. వాడు కాగితం మీద గీసిన బొమ్మను కాసేపు చూసి, ‘బాగుంది మాస్టారూ. ఇందులో నేనెక్కడ కూర్చోవాలి?’ అన్నారు.

ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ సాయంత్రం నాన్నగారితో ఫోన్ కలిసింది. విషయం విని ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ‘ఫ్రేమ్ కోయకురా. రంగు నీ ఇష్టం, హ్యాండిల్ నీ ఇష్టం. ఇక్కడ మనిషికి బాగోలేకపోతే బండి వెనక సీటు మీదే తీసుకెళ్లాలి. వెనక సీటు లేని బండి నాకెందుకు?’ అన్నారు.

ఆ మాట వెనక ఒక నిజమైన బండి ఉంది. అది ఈ పాఠంలో ఉండాల్సిందే. దాని పేరు రక్షిత. 2021 జనవరి 18న రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో దాన్ని సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించింది. ఢిల్లీలోని ఇన్‌మాస్ అనే ప్రయోగశాల, సీఆర్‌పీఎఫ్ కలిసి 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ బండిని అంబులెన్సుగా మార్చాయి. బస్తర్ లాంటి చోట పెద్ద అంబులెన్సు పోలేని ఇరుకు దారుల కోసం దాన్ని తయారు చేశారు. వెనక ఉన్నది సీటు కాదు, వెనక్కి వాలే కుర్చీ. గాయపడినవారి తల కదలకుండా పట్టే ఏర్పాటు, చేతులకూ కాళ్లకూ పట్టీలు, ఆక్సిజన్ కిట్ ఉంటాయి. వెనకున్న వారి నాడి, ఊపిరి ఎలా ఉన్నాయో నడిపేవారికి ముందు తెర మీద కనపడుతుంది. ఏస్ కెఫే కుర్రాళ్లు వెనక సీటు తీసేశారు, వీళ్లు వెనక సీటు కోసమే బండిని మార్చారు. పిల్లలు రక్షిత బొమ్మను గోడకు అంటించుకున్నారు, ట్రైటన్ బొమ్మ పక్కనే.

రంపం ఇంట్లోకి వెళ్లిపోయింది. మేము ఒక షరతు పెట్టుకున్నాం: విప్పిన ప్రతిదీ తిరిగి బిగించగలిగేలా ఉండాలి. బదిలీల మీద తిరిగే మనకు దీని విలువ ఇంకా ఎక్కువ. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ నిర్దేశించిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. వేరే రాష్ట్రంలో బండిని 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. ఆ కాగితాల్లో ఫారం 28 మీద చాసిస్ నంబరుకు పెన్సిల్ ముద్ర తీసి ఇవ్వాలి. (2021లో వచ్చిన బీహెచ్ నంబరు ఉంటే ఈ తిప్పలు లేవు. ఇది పాత బండి.) ఆ నంబరు మీద రంగు మందంగా పూసినా, గ్రైండరు తగిలించినా తర్వాత ఎన్ని సంజాయిషీలు చెప్పుకోవాలో!

రెండో ఆదివారం నుంచి అసలు పని. బ్యాటరీ నెగటివ్ తీగ ముందు విప్పాం. ట్యాంకులో పెట్రోలు డబ్బాలోకి దించి, సీటు తీసి, వెనక బోల్టు విప్పి, ట్యాంకును వెనక్కి లాగాం. ప్రతి తీగనూ విప్పే ముందు ఫోటో తీశాం. ఖాళీ ట్యాంకుకు వెల్డింగు జోలికి అస్సలు పోకండి. ఖాళీగా కనిపించేదాంట్లోనే ఆవిరి ఉంటుంది, అదే పేలుతుంది. తుప్పు ఉన్నచోట 120 నంబరు గరుకు కాగితం, తర్వాత 220, పుట్టీ, ప్రైమరు, చివర్లో 800 నంబరు కాగితం తడిపి రుద్దడం. రుద్దడమే పనిలో ముప్పాతిక వంతు. రంగు పాత నలుపే వేశాం, ఎందుకంటే ఆర్‌సీలో రంగు కూడా రాసి ఉంటుంది. నడుమ ఒక సన్నని తెల్ల చార మాత్రం వాడి ముచ్చట.

ఈ పనిలో తెలుగూ నేర్చుకున్నాం. స్పానరును మన మెకానిక్కులు పానా అంటారు, హిందీలోనూ పానాయే. సుత్తి, పట్టకారు పిల్లలకు తెలుసు. ఆకురాయి ఎవరికీ తెలియదు. ఇనుమును అరగదీసే ఆ పనిముట్టుకు అంత మంచి పేరుందని విని హిందీ మాట్లాడే ఒక అమ్మాయి దాన్ని నోట్‌బుక్కులో మూడుసార్లు రాసుకుంది.

హ్యాండిల్ దగ్గర చిక్కు వచ్చింది. చదునైన, పొట్టి హ్యాండిల్ బిగించాం. ఇప్పుడు క్లచ్ వైరు, బ్రేకు వైరు, యాక్సిలేటరు వైరు పొడవు ఎక్కువై ఉచ్చుల్లా వేలాడాయి. వాటిని ఫ్రేమ్‌కు దగ్గరగా కట్టేశాం. ఇంజను స్టార్టు చేసి హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పితే యాక్సిలేటరు వైరు బిగుసుకుని ఇంజను దానంతటదే గట్టిగా అరిచింది. రోడ్డు మీద మలుపులో ఇలా జరిగితే? బండి మీద ఎవరైనా ఎక్కేముందు హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడాలని అప్పుడే బాగా అర్థమైంది. వైరు దారి మార్చాక శబ్దం మారలేదు. హ్యాండిల్ ట్యాంకును తాకుతోందేమో, వేళ్లు నలుగుతాయేమో కూడా చూశాం. సైలెన్సరు ముట్టుకోలేదు. దాని మీద వాడు రెండు రోజులు అలిగాడు.

సీటు విషయం వాళ్లమ్మగారే తేల్చారు. పాత సీటు అడుగురేకు మీదే కొత్త స్పాంజి పెట్టించి, గోధుమరంగు రెగ్జిన్ అడ్డగీతలతో కుట్టించాం. ఇద్దరు కూర్చునే పొడవు అలాగే ఉంది. హంప్‌ను ఫైబరుతో విడిగా చేయించి, వెనక సగం మీద నాలుగు బోల్టులతో బిగేలా పెట్టాం. వెనక ఫుట్‌రెస్టులు, పట్టుకునే కడ్డీ, శారీ గార్డు, మడ్‌గార్డులు, రెండు అద్దాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తీసేసిన పాత హ్యాండిల్, నట్లు, వాషర్లు ఒక గోనెసంచిలో వేసి, చీటీ రాసి కట్టాం.

బండిని మాత్రం వాడు నడపలేదు. గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. పిల్లలకు బండిచ్చి దొరికితే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, జైలు కూడా ఉండవచ్చని చట్టం. క్వార్టర్స్ చుట్టూ మేమే ఒక రౌండు వేశాం, వాడు పక్కన పరిగెత్తుతూ ఇంజను శబ్దం విన్నాడు.

నాన్నగారు ఆ నెలాఖరున సెలవు మీద వచ్చారు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు. చార మీద వేలు రాశారు, హ్యాండిల్‌ను అటూ ఇటూ చివరిదాకా తిప్పి ఇంజను విన్నారు. తర్వాత ‘పది నంబరు పానా ఏదిరా?’ అన్నారు. నాలుగు బోల్టులూ ఊడి వచ్చాయి. హంప్‌ను కొడుకు చేతికిచ్చి కిక్కు కొట్టారు. అమ్మగారు హెల్మెట్ పెట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని వెనక ఎక్కారు. వాళ్లు తిరిగొచ్చేదాకా వాడు ఆ హంప్‌ను ఒళ్లో పెట్టుకుని మెట్ల మీదే కూర్చున్నాడు.