జావా పండుగకు బయల్దేరే పిల్లలకు

బళ్లారి 1953 అక్టోబర్ 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర వైపు పోయాయి. మా చుట్టరికాలు సగం ఇటు, సగం అటు మిగిలాయి. 1961లో మైసూరులో ఐడియల్ జావా కార్ఖానా చెక్ దేశపు జావా మోటారుసైకిళ్లు తయారుచేయడం మొదలుపెట్టింది. మా నాన్న కొన్న 250 సీసీ జావా ఆ కార్ఖానాదే. ఆదోని పత్తి మార్కెట్టుకైనా, రాయదుర్గంలో పెళ్లికైనా ఆయన ఆ బండి మీదే పోయి వచ్చేవాడు. ఇప్పుడది నా దగ్గరుంది.

ఏటా జూలై రెండో ఆదివారం అంతర్జాతీయ జావా దినం. ఆ రోజు బెంగళూరులో జావా, యెజ్డీ బండ్లవాళ్లంతా ఒకచోట చేరతారు. అసలు రూపంలో నిలుపుకున్నవీ వస్తాయి, మార్పులు చేయించినవీ వస్తాయి. మా బళ్లారి జట్టు కూడా పోతుంటుంది. ఈసారి తోడు వస్తామంటున్న కుర్రవాళ్లు కొందరు పాత బండ్లు కొన్నారు, వాటికి ఏమేం చేయిస్తే బాగుంటుందని అడుగుతున్నారు. ఆ అడగడం చూసి భయమేసి ఇది రాస్తున్నాను.

1. మార్చిన బండి మళ్లీ మొదటి రూపానికి రాగలగాలి.

నా ఇరవైలలో పొడుగు ఫోర్కుల బండి మోజు పట్టింది. నాన్న ఊళ్లో లేని రోజు చూసి జావాను కౌల్‌బజారులో ఒక వెల్డింగు షాపుకు తోలుకుపోయాను. వెనక మడ్‌గార్డు సగానికి కోయించాను. స్టీరింగు మెడ కోయించి వంపు మార్పించాను. క్రోము పక్కలు, మోకాళ్లు ఆనే రబ్బరు ప్యాడ్లు ఉన్న ఆ మెరూన్ రంగు ట్యాంకు తీయించి సన్నటిది పెట్టించాను. పాత ట్యాంకును తుక్కు అంగడిలో తూకానికి వేశాను. నాన్న తిరిగొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, తిట్టలేదు. ఆ తర్వాత ఆయన ఆదోనికి బస్సులో పోవడం మొదలుపెట్టాడు. ఆ బండి మళ్లీ ఎక్కలేదు.

చాలా ఏళ్లకు బెంగళూరులో అచ్చం అదే రంగు జావా కనబడింది. తాత కొన్న బండిని మనవడు కాపాడుకున్నాడు. కిక్కు కొట్టి చూడమన్నాడు. జావాలో గేరు లివరే కిక్ రాడ్డు కూడా. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పాలి. తెలియనివాళ్లు అక్కడే తికమకపడతారు. నా కాలు మాత్రం తడుముకోలేదు. ట్యాంకు పక్కన మోకాలు ఆనించగానే ఆ రబ్బరు ప్యాడు మెత్తదనం తెలిసి, కాసేపు మాట్లాడలేకపోయాను. ఆ అబ్బాయి నా ముఖం చూసి ఏమనుకున్నాడో, మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

అందుకే చెబుతున్నాను. హ్యాండిలు మార్చుకోండి, సీటు మార్చుకోండి, రంగు వేయించుకోండి. నట్టు విప్పి చేసిన పని మళ్లీ నట్టు బిగించి సరిచేయొచ్చు. గ్రైండరుతో చేసిన పని సరిచేయలేరు. విప్పిన ప్రతి భాగాన్నీ గోనెసంచిలో కట్టి, చీటీ రాసి దాచండి.

2. దొరికే బండిని మార్చుకో, దొరకని బండిని కాపాడుకో.

బండికి కొత్త రూపమివ్వడం గొప్ప విద్య. ముంబైలో వర్దెంచి వాళ్లు, జైపూర్‌లో రాజ్‌పుతానా కస్టమ్స్ వాళ్లు ఆ విద్యతోనే పేరు తెచ్చుకున్నారు. 2013లో గోవాలో మొదలైన ఇండియా బైక్ వీక్‌కు పోతే అలాంటి చేతిపని కళ్లారా చూడొచ్చు. వాళ్లు ఎక్కువగా పట్టుకున్నది బుల్లెట్. అది ఇవాళ్టికీ తయారవుతోంది, ఒకటి చెడితే ఇంకొకటి దొరుకుతుంది. మైసూరు కార్ఖానా మాత్రం 1996లో మూతపడింది. అక్కడి బండి ఒకటి కోస్తే లోకంలో ఒకటి తగ్గినట్టే. 2018లో జావా పేరుతో ఫోర్ స్ట్రోక్ బండ్లు మళ్లీ వచ్చాయి. చేతులు ఊరుకోకపోతే, చట్టం ఒప్పినంత మేరకు వాటికి సొగసులు చేయించుకోండి.

3. బండి వయసుకు విలువ కట్టేది కాగితం.

కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజ్ బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి. బండి అసలు రూపంలో ఉండాలి, చాసీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పు జరగకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వస్తుంది. అలాంటి బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు తీసుకుపోవచ్చు గానీ రోజూ తిరగడానికి వాడకూడదు. మా నాన్న బండికి వయసుంది. కానీ మెడ కోసిన చాసీ అది. ఆ నంబరు దానికి రాదు.

మార్పుల మీద చట్టం కూడా ఇప్పుడు గట్టిగానే ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక్కో అక్రమ మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడొచ్చు, ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది. పాత బండి కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోకండి. ముందు ఆర్‌సీ అడగండి, దానిలోని చాసీ నంబరు, ఇంజను నంబరు బండి మీదివాటితో ఒక్కొక్క అంకె పోల్చుకోండి.

4. నూనె దగ్గర పిసినారితనం పనికిరాదు.

టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలులో కలిసిన నూనే ప్రాణం. మా జావాకు లీటరుకు 40 మిల్లీలీటర్ల లెక్కన పోస్తాం. బళ్లారి నుంచి బెంగళూరు దాదాపు 300 కిలోమీటర్లు. చెళ్లకెర, హిరియూరు దాటి తుమకూరు మీదుగా పోవాలి. హిరియూరు దాటాక రోడ్డు వెడల్పవుతుంది, మనసు ఆగదు. ఒకసారి అక్కడే జట్టులో ఒక తమ్ముణ్ణి ‘‘ఇంకొంచెం తోలప్పా’’ అని ఎగదోసింది నేనే. పొద్దున బంకులో హడావుడిగా నూనె తక్కువ పోసుకున్నాడని నాకు తెలుసు. ఎండలో ఇంజను వేడెక్కింది, పిస్టన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయి బండి పక్కకు ఈడ్చింది. ప్రాణం దక్కింది గానీ భుజం ఎముక విరిగింది. ఆ ఇంట్లోవాళ్లు నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపిస్తుంది ఇప్పటికీ.

పట్టేసే ముందు ఇంజను చెబుతుంది. డుగ్‌డుగ్‌మనే చప్పుడు పొడిబారుతుంది, వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు బండి బరువెక్కుతుంది. ఆ క్షణంలో చేయి క్లచ్చు మీదికి పోవాలి, బ్రేకు సంగతి తర్వాత. రోడ్డు పక్కకు తీసి, చల్లారేదాకా చెట్టు కింద కూర్చోండి.

5. జట్టు వేగం వెనక బండిది.

ముందు పోయేవాడు అద్దంలో చివరి బండి దీపం చూసుకుంటూ పోవాలి. అది కనబడకపోతే ఆగాలి. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

6. చప్పుడు కోసం ఊపిరితిత్తి తీసేయొద్దు.

ఎయిర్ ఫిల్టర్ పీకేస్తే బండి గట్టిగా అరుస్తుంది. నేనూ పీకేశాను. సండూరు వైపు ఖనిజం లారీల వెనక తిరిగిన బండి అది. ఆ ఎర్రదుమ్ము తిన్నగా కార్బురేటరులోకి పోయి, బోరును ఆకురాయిలా అరగదీసింది. మళ్లీ బోరింగు చేయించి, పెద్ద సైజు పిస్టన్ వేయించాల్సి వచ్చింది.

7. మేస్త్రీ ఉండగానే అడిగి తెలుసుకోవాలి.

మా ఊళ్లో జావాకు ఒక మేస్త్రీ ఉండేవాడు. మీటర్లు, గేజీలు ఏమీ లేవు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో సైకిల్ పుల్ల దించి, పిస్టన్ ఎంత పైకొచ్చిందో వేలితో పట్టి చూసేవాడు. పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ఇరికించి, చక్రం మెల్లగా తిప్పేవాడు. పాయింట్లు విడిపడిన క్షణాన కాగితం జారి చేతిలోకి వచ్చేది. టైమింగు అక్కడ బిగించేవాడు. ఒక్క కిక్కుకు బండి అందుకునేది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చూశానే గానీ, పుల్ల మీద గుర్తు ఎక్కడ పెట్టాలో ఒక్కనాడూ అడగలేదు. ఎప్పుడు పోయినా ఉంటాడు కదా అనుకున్నాను. ఆయన పోయాక ఆ షాపులో మొబైల్ అంగడి పెట్టారు. ఆ కొలతను ఆయన తన కొడుక్కీ చెప్పలేదు, కొడుకు అడగలేదు కనుక.

బెంగళూరు పోయినప్పుడు చూస్తుంటాను. కుర్రవాళ్లంతా మెరిసే క్రోము చుట్టూ ఫొటోలు దిగుతుంటారు. జీవితమంతా ఈ బండ్ల కిందే గడిపిన ముసలి మేస్త్రీలు ఓ పక్కన కూర్చుని ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చోండి. అడిగితే విసుక్కోరు, నలుగురు కుర్రవాళ్లు చుట్టూ చేరితే టీ కూడా మరచిపోయి చెబుతారు. మీ ఫోన్లలో వాళ్ల చేతులు పని చేస్తుండగా తీసి పెట్టుకోండి. బళ్లారిలో, గుంతకల్లులో, ఆదోనిలో జావా తెలిసిన చేతులు ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. అలాంటివారు మీకు తెలిస్తే ఈ జూలైకి వెంటబెట్టుకు రండి, వాళ్ల దారిఖర్చు మా జట్టు చూసుకుంటుంది.