క్లౌడ్ కోర్సు కన్నా ముందు ఒక పాత కంప్యూటర్

హార్డ్‌వేర్ అంటే స్క్రూడ్రైవర్ పని, మార్కులు రానివాళ్లకు మిగిలే దారి అని చాలామంది తల్లిదండ్రులు గట్టిగా నమ్ముతున్నారు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి పిల్లల్ని ఇక్కడికి పంపి చదివిస్తున్నవాళ్లూ ఇలాగే అనుకుంటున్నారు. ఇంజనీరింగ్ మూడో ఏడు దాటగానే పిల్లవాణ్ని క్లౌడ్ కోర్సులోనో డెవాప్స్ కోర్సులోనో చేర్పిస్తారు. లినక్స్‌ను ఒక్కసారైనా తన చేత్తో ఇన్‌స్టాల్ చేశాడా అని మాత్రం అడగరు. సర్వర్ల రంగంలోకి వెళ్లాలనుకునే విద్యార్థి మొదట నేర్చుకోవాల్సింది ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు సరిపడే యంత్రాన్ని ఎంచుకోవడం అని నా అభిప్రాయం. ఆ చదువుకు చింతాద్రిపేటలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ ఏ ఇన్‌స్టిట్యూట్‌కూ తీసిపోదు.

ఎందుకంటారా? 2025 మేలో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 నడవాలంటే ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్ల సదుపాయం ఉండాలి. ఇంటెల్ దాన్ని 2013లో హాస్వెల్ తరంతో తెచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో దొరికే జియాన్ ఈ5-2600 ప్రాసెసర్లలో వీ3 అని ఉన్నవాటిలో ఆ సదుపాయం ఉంది, వీ2లో లేదు. పేరులో తేడా ఒక్క అంకె. ర్యామ్ ఎంత, కోర్లు ఎన్ని అని మాత్రమే అడిగి వీ2 సర్వర్ తెచ్చుకున్నవాడికి ఆ లినక్స్ ఎక్కదు. హాస్వెల్ తరంలోనే ఐ5లో ఉన్న ఏవీఎక్స్2 పెంటియమ్‌లో ఉండదు కాబట్టి, ‘ఫోర్త్ జెన్ సార్’ అని దుకాణంలో చెప్పిన మాటను నమ్ముకుంటే చాలదు. ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి, ఫ్లాగ్స్ వరుసలో ఆ పేరు కనబడుతోందో లేదో కళ్లారా చూడాలి. డిస్క్ కంట్రోలర్లతో చిక్కు ఇంకా పెద్దది. ఎల్‌ఎస్‌ఐ ఎస్‌ఏఎస్2008 చిప్ ఉన్న కార్డులకు 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ 8 మద్దతు తీసేసింది. ఇన్‌స్టాలర్‌లో డిస్కులు కనబడవు. కొత్తవాడు డిస్కులే పోయాయనుకుంటాడు. అదే కార్డు డెబియన్ లినక్స్‌లో మామూలుగా పనిచేస్తుంది. తప్పు యంత్రంలో ఉందా, డ్రైవర్‌లో ఉందా, మనం ఎంచుకున్న వెర్షన్‌లో ఉందా అని విడదీసి చూడగలగడమే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగంలో సగం పని. వీడియో పాఠాలతో ఆ చూపు రాదు.

అవన్నీ పాత యంత్రాల గొడవలు, క్లౌడ్‌లో ఇవేవీ ఉండవు కదా అంటారు. ఉంటాయి. అమెజాన్ క్లౌడ్‌లోని గ్రావిటాన్ ప్రాసెసర్లు ఆర్మ్ రకానివి. ఇంటెల్ కోసం తయారుచేసిన కంటైనర్ ఇమేజ్ వాటి మీద నేరుగా నడవదు. ఖర్చు తగ్గించడానికి అటు మారదామనుకున్న కంపెనీ ముందు ఏ సాఫ్ట్‌వేర్ దేనికి పొసగుతుందో తేల్చుకోవాలి. పైగా క్లౌడ్ అనేది ఎక్కడో ఒకచోట నేలమీదే ఉంటుంది. అమెజాన్ 2022లో హైదరాబాద్‌లో తన రీజియన్ తెరిచింది. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. చెన్నైలో అంబత్తూరు, సిరుసేరి వైపు డేటా సెంటర్లున్నాయి. ఓపెన్‌సోర్స్ అంటే కాలక్షేప వ్యవహారమన్న అపోహ కూడా వదులుకోవాలి. ప్రభుత్వ సంస్థ సీడాక్ చెన్నై కేంద్రం తయారుచేసిన బాస్ లినక్స్ 2007లోనే విడుదలైంది, దాని పునాది డెబియన్. నిజమే, ఈ దారిలో మొదటి జీతం తక్కువగా ఉండొచ్చు, రాత్రి షిఫ్టులు తప్పకపోవచ్చు. ప్రోగ్రామింగే ప్రాణంగా ఉన్న పిల్లల్ని ఇటు లాగడమూ తప్పే. కానీ యంత్రం విప్పి చూడాలన్న ఆసక్తి ఉన్న అమ్మాయిని ‘ఆడపిల్లకు హార్డ్‌వేర్ ఏమిటి’ అని ఆపేవాళ్లను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

డబ్బు సంగతికొస్తే, ‘నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న బోర్డు కనిపిస్తే అక్కడ ఫీజు కట్టకండి. ఉద్యోగం ఇచ్చేది కంపెనీ, కోచింగ్ సెంటర్ చేతిలో ఆ మాట ఇచ్చే అధికారమే లేదు. ఇంకా ప్రమాదకరమైనది ఫేక్ ఎక్స్‌పీరియన్స్. డబ్బు తీసుకుని రెండు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించేవాళ్లు ఉన్నారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే ఆ ఒక్క ఉద్యోగమే కాదు, పిల్లవాడి పేరే పోతుంది. తల్లిదండ్రులు అప్పుచేసి మరీ దీనికి ఒప్పుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. సర్టిఫికేషన్ పరీక్ష ప్రశ్నల డంపులు కొనడం కూడా దండగే. రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో సిస్టమ్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి, ఆప్షన్లు ఉండవు. దానికి డిగ్రీ అక్కర్లేదు. సాధనకు కావలసింది దాదాపు అంతా ఉచితం: డెబియన్, ఆల్మాలినక్స్, వ్యక్తిగతంగా 16 సిస్టమ్‌ల దాకా వాడుకోనిచ్చే రెడ్ హ్యాట్ డెవలపర్ సబ్‌స్క్రిప్షన్. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో లినక్స్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి.

అలాగని ఉత్సాహంతో ర్యాక్ సర్వర్ కొని ఇంట్లో పెట్టకండి. రోజంతా 150 వాట్లు లాగే యంత్రం రెండు నెలల్లో 216 యూనిట్లు కాలుస్తుంది, ఫ్యాన్ల మోతకు ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఆఫీసుల్లో వాడి వదిలేసిన ఫోర్త్ జెన్ ఐ5 డెస్క్‌టాప్, 16 జీబీ ర్యామ్, రెండు డిస్కులు చాలు. వీ2 తరం యంత్రం ఇప్పటికే చేతిలో ఉంటే పారేయక్కర్లేదు, ఆల్మాలినక్స్ 10 అలాంటి ప్రాసెసర్ల కోసం విడిగా ఒక బిల్డ్ ఇస్తోంది. కొనడానికి వెళ్లేటప్పుడు లైవ్ లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకోండి. దుకాణంలోనే బూట్ చేసి, ఎల్‌ఎస్‌పీసీఐతో నెట్‌వర్క్ కార్డుకు, డిస్క్ కంట్రోలర్‌కు డ్రైవర్ దొరికిందో లేదో, స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఇప్పటికి ఎన్ని గంటలు నడిచిందో చూడండి. బూట్ చేయనివ్వనన్న దుకాణంలో కొనకండి.