కదురు తిరిగిన దినమునకు కూలి యెంత?

కాయకమను మాట వినని వీరశైవగృహము లేదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపట్టణమందు బసవేశ్వరుడు శరణులను చేరదీసి, ఎవరి చెమటతో వారు సంపాదించినదానినే లింగజంగమముల కర్పింపవలెనని బోధించెను. బట్టలుతికిన మడివాళ మాచయ్య, త్రాళ్లు పేనిన నులియ చందయ్య, పడవ నడపిన అంబిగర చౌడయ్య ఆ గోష్ఠియందు గౌరవస్థానము పొందిరి. నూలు వడకి జీవించుచు వచనములు చెప్పిన కదిరె రెమ్మవ్వయు వారిలో నొకతె. ఆమె పేరిలోని కదిరు మన తెలుగు కదురే.

పని పవిత్రమని చెప్పుట మనకు సులభము. కాని దినమంతయు నిష్ఠతో పనిచేసినవారి పొయ్యి సాయంకాలమునకు వెలుగకున్నచో ఆ లోపమెవరిది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు కల్యాణము వరకు పోనక్కరలేదు. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు చాలును.

పొందూరు నూలు

పొందూరు సన్నఖద్దరు దేశమందంతట పేరుపొందినది. అచ్చటి నూలు యంత్రముల సాయము లేకయే, చేతితోనే సిద్ధమగును. కొండపత్తిని తెచ్చి చెత్త యేరుదురు. వాలుగ చేప దవడయెముకను దువ్వెనగా చేసికొని, గింజనంటియున్న దూదిని దువ్వుదురు. ఆ యెముకలోని సన్నని పండ్లు దూదిపోగులను తెగనీయక సవరించును. పిమ్మట గింజ తీసి, దూది నేకి, ఏకులు చుట్టి, అవి మాయకుండ అరటిదొప్పలలో పొదిగి యుంచుదురు. ఆ పిదపనే ఒంటికదురు రాట్నము ముందు కూర్చుండి వడకుట. ఈ పనులలో నధికభాగము స్త్రీలదే. ఆ నూలుతో మగ్గముపై నేయువారు వేరుగా నుందురు. 1949లో అచ్చట స్థాపింపబడిన ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఈ వృత్తికి ఆధారముగా నిలిచినది.

నూరు కౌంటు నూలనగా నేమో లెక్క వేసి చూతము. 840 గజముల నూలు ఒక చిలప. అట్టి చిలపలు నూరు కలిసి ఒక్క పౌను తూగినచో అది నూరు కౌంటు నూలు. అనగా ఒక పౌను దూది నుండి 84,000 గజముల పోగు తీయవలెను. అది ఇంచుమించు 77 కిలోమీటర్లు. శ్రీకాకుళము నుండి విజయనగరము చేరునంత పొడవు. ఒక్కొక్క చిలప తూకము నాలుగున్నర గ్రాములు మాత్రమే.

ఇట్టి నూలుతో నేసిన బట్టలో అంగుళమునకు పడుగున డెబ్బది, పేకన డెబ్బది పోగులున్నవనుకొందము. చదరపు గజము బట్టకు 5,040 గజముల నూలు, అనగా ఆరు చిలపలు కావలెను. గంటకు నాలుగు వందల గజములు తీయు నేర్పరికి ఇది పండ్రెండు గంటలకు మించిన పని. నాలుగు గజముల పొడవు, ఏబది యంగుళముల వెడల్పు గల పంచెకు వడకు పనియే డెబ్బది గంటలగును. దినమునకు ఎనిమిది గంటల చొప్పున అది తొమ్మిది దినముల పని. దూది దువ్వుటయు, ఏకుటయు, నేయుటయు ఇందులో చేరలేదు. పోగు తెగిన క్షణములు, అతుకు వేసిన క్షణములు, వంటకై లేచిన ఘడియలు ఏ లెక్కలోను లేవు.

ఇంటి లెక్క

ఇక ఈ పంచె వెనుకనున్న యింటిని తలచికొనుడు. కూలి చిలప లెక్కన వచ్చును. గంటల లెక్కన రాదు. చేయి తిరిగిన దినమున నాలుగు రాళ్లు వచ్చును. జ్వరము వచ్చిన దినమున, బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోయిన దినమున ఏమియు రాదు. కిరాణాకొట్టు ఖాతా మాత్రము ఆ దినమును నడచును. పాత బాకీ తీర్చినగాని క్రొత్త సరకు రాదు. కూలి చేతికందక ముందే దానికి హక్కుదారులు గుమ్మములో నిలుతురు. నలుబదియేండ్లు దాటిన పిదప చూపు మందగించును. నూరు కౌంటు పోగు వెలుగునకు పట్టి చూచినగాని కానరాదు. కంటిచూపే పనిముట్టయినవారికి కన్ను పోవుట రాట్నము విరుగుటతో సమానము. అట్లు తీసిన నూలుతో నేసిన పంచె కొనగల స్తోమత ఆ యింట నెవరికిని ఉండదు.

ఆ తల్లి తన కూతునకు రాట్నము నేర్పదు. నేర్పలేక కాదు, నేర్పుటకు మనసొప్పక. మట్టిపనికి పోయినను, విశాఖపట్నము పోయి కుట్టుపని చేసినను ఇంతకన్న మేలని ఆమె యెరుగును. ఒక గొప్ప విద్య అంతరించుచున్నదని పట్టణవాసులు విచారింతురు. ఆ తల్లి విచారము వేరు. తనతో విద్య యంతరించినను సరే, తన దారిద్ర్యము కూతునకు సంక్రమింపరాదనియే ఆమె కోరిక. ఈ కోరికను తప్పుపట్టుట కెవరికి అధికారము కలదు?

ఇది పొందూరు వారి వెత మాత్రమే కాదు. పలాసలో జీడిపిక్కలు కొట్టి పలుకు తీయు స్త్రీలును పనికొలది కూలివారే. జీడిరసమునకు వారి వ్రేళ్లు నల్లబడును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను ఉద్దానపు జీడితోటలను, కొబ్బరితోటలను కూల్చినపుడు, తోటల యజమానులతోపాటు చెట్టొకటియు లేని కూలివారును నష్టపడిరి. విజయనగరము జిల్లా నెల్లిమర్ల గోనెసంచుల మిల్లు కార్మికులు మిల్లు మూతపడిన దినముల ఆకలి నెరుగుదురు. పని వేరైనను ఇంటి లెక్క యొక్కటియే.

లక్కమ్మ చెప్పిన తీర్పు

ఇప్పుడు కల్యాణమునకు మరలుదము. ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి దాసోహము చేయుచుండెను. ఒకనాడు అలవాటుకన్న హెచ్చుగా తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశయే యగునని భర్తను మందలించి, ఎక్కువ గింజలను తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను.

ఈ కథను మనము సంతృప్తికి దృష్టాంతముగా చెప్పుకొందుము. పేదలు ఉన్నదానితో తృప్తిపడవలెనని కొందరు దీని నర్థము చేసికొందురు. అది సగము అర్థము. లక్కమ్మ త్రాసునకు రెండు తట్టలు కలవు. రావలసిన దానికన్న ఎక్కువ వచ్చినపుడు మరల నిచ్చివేయుట ధర్మమైనచో, రావలసిన దానికన్న తక్కువ వచ్చినపుడు ఆ తక్కువైనది ఎవరియొద్ద నిలిచినదో వారు మరల నిచ్చుటయు ధర్మమే. కూలివాని లోటు గాలిలో కలిసిపోదు. అది చవుకగా కొన్నవాని పెట్టెలోనో, నడుమ నమ్మినవాని సంచిలోనో చేరియుండును. లక్కమ్మ వారి వాకిట నిలిచిన నేమనునో ఊహించుట కష్టము కాదు.

ఈ విషయమును గాంధీమహాత్ముడు అనుభవమున గ్రహించెను. 1925లో అఖిల భారత చరఖా సంఘము ఏర్పడిన తరువాత, ఖద్దరు చవుకగా నుండిననే అమ్ముడుపోవునని కార్యకర్తలు తలంచిరి. అందువలన వడకువారి కూలి అత్యల్పముగా నుండెను. పేదలకొరకు పుట్టిన బట్ట పేదల కడుపు కొట్టి చవుకగుట ఆయనకు సహింపలేదు. 1935లో ఆ సంఘము ఎనిమిది గంటల పనికి బ్రతుకుదెరువునకు తగిన కూలి నీయవలెనను నియమమును చేపట్టెను. బట్ట ధర పెరిగినను కూలి పెంచవలెననుటయే అందలి సారము. కోరినంత కూలి వెంటనే ఈయలేకపోయిరి. కాని ధర నిర్ణయమునందు మొదట చూడవలసినది కొనువాని సౌకర్యము కాదు, వడకుదాని యాకలి యని స్పష్టమైనది.

మన కర్తవ్యము

దాసోహమనగా పండుగనాడు పంక్తిభోజనము పెట్టుట మాత్రమే కాదు. న్యాయమైన వెల యిచ్చుట దాని మొదటి మెట్టు. వెలలో నేరుగా ఈయవలసినదానిని తగ్గించి, పిమ్మట అన్నదానముగా నిచ్చుట దానము కాదు. బాకీలో కొంత తీర్చుట. మఠములు సంవత్సరమునకు కావలసిన వస్త్రములను ముందుగా చెప్పి, కొంత పైకము ముందిచ్చి చేయించినచో, పని లేని నెలలలో గూడ కదురు తిరుగును. గృహస్థులు తగ్గింపు ధరల దినములకై కాచుకొనక, వెలలో వడకినవారికి చేరుచున్నదెంతయని అడిగి కొనవచ్చును. ఇష్టలింగమును చుట్టు చిన్నవస్త్రమును, శివదారమును అట్టి నూలుతో సమకూర్చుకొనుట ఏ యింటికిని భారము కాదు.

కదిరె రెమ్మవ్వ కదురు ఆగి ఎనిమిది శతాబ్దములు గడచినవి. పొందూరులో కదురు ఇంకను తిరుగుచున్నది. ఆ చప్పుడు వినుచు కాయకమును కొనియాడువారు, ఆ దినపు కూలిని గూర్చియు విచారింపవలెను.

కుటుంబగోష్ఠిలో విచారింపదగిన ప్రశ్నలు

1. మన యింట ఈ నెలలో కొన్న వస్తువులలో చేతిపనితో తయారైనవి యేవి? వాని వెలను బేరమాడి తగ్గించితిమా?

2. మన యింట పనిచేయువారికి జబ్బు చేసిన దినమున కూలి యిచ్చుచున్నామా?

3. లక్కమ్మ మన యింటి జమాఖర్చుల పుస్తకమును చూచినచో, ఏ గింజలను మరల పోసి రమ్మనును?