పొద్దు గూకే వేళ కాసేపు కూర్చోండి

సాయంత్రం అయ్యేసరికి గుండెల్లో ఏదో దిగులుగా ఉంటుందనీ, రాత్రి నిద్ర పట్టడం లేదనీ ఓ.పి.లో మాతో చెప్పేవారు చాలామంది. ఈసారి పాఠము మందుల గురించి కాదు. పొద్దు గూకే వేళ ఒక పదిహేను నిమిషాలు ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడం గురించి, అలా కూర్చున్నప్పుడు మన మనసులో జరిగే పని గురించి. ఇది తీరిక ఉన్నవాళ్ల ముచ్చట అని పేజీ తిప్పేయకండి. ఇంట్లో మంచం పట్టిన మనిషిని చూసుకుంటున్న స్త్రీలు దీన్ని తప్పకుండా చదవాలని నా కోరిక.

మన పెద్దలు ఆ వేళకు ఎన్నో పేర్లు పెట్టారు. మునిమాపు, సందెవేళ, గోధూళి వేళ, దీపాలు పెట్టే వేళ. సందెవేళ పడుకోకూడదని మా అమ్మమ్మ కూడా అనేది. ఎందుకని అడిగితే తలా ఒక కారణం చెబుతారు. నర్సుగా నాకు తెలిసిన కారణం ఒక్కటే: ఆ వేళ గంటసేపు నిద్రపోతే అర్ధరాత్రి దాకా కన్ను మూతపడదు. బైబిలులో ఇస్సాకు సాయంత్రం ఒంటరిగా పొలంలోకి వెళ్లినది ధ్యానం కోసమేనని ఆదికాండము 24వ అధ్యాయములో చదువుతాము. తల్లి పోయిన దుఃఖం ఇంకా తీరని రోజులవి.

ఆకాశంలో జరిగేది, ఒంట్లో జరిగేది

సూర్యుని అంచు నేలను తాకిన దగ్గరనుండి పూర్తిగా కనుమరుగయ్యేదాకా మన ప్రాంతంలో పట్టేది రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ, అంతే. విజయవాడలో డిసెంబరు మొదట్లో సాయంత్రం 5.30 ప్రాంతంలో, జూలై మొదట్లో 6.45 ప్రాంతంలో పొద్దు గూకుతుంది. నడినెత్తిన ఉన్నప్పటి కంటే ఆ వేళ వెలుగు చాలా ఎక్కువ గాలిని దాటుకుని రావాలి. ఆ దారిలో నీలపు వెలుగు అటూ ఇటూ చెదిరిపోయి, ఎరుపు, నారింజ రంగులు మన కంటికి మిగులుతాయి. మరో వింత ఏమిటంటే, నేల అంచును ఆనుకుని మనకు కనబడే సూర్యుడు నిజానికి అప్పటికే అంచు కిందకు దిగిపోయి ఉంటాడు. గాలి వెలుగును కొంచెం వంచుతుంది గనుక మనకింకా కనబడతాడు.

మన ఒంట్లోనూ ఒక గడియారం ఉంది. అది ఎలా నడుస్తుందో కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. వెలుగు తగ్గుతున్న సంగతి కంటి ద్వారా మెదడుకు తెలుస్తుంది. అప్పుడు మెలటోనిన్ అనే పదార్థం ఊరడం మొదలై ఒంటిని నిద్రకు సిద్ధం చేస్తుంది. మనమేమో సరిగ్గా ఆ వేళకే ట్యూబులైట్లన్నీ వేసి, ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని, ఇంకా పగలే ఉందని మెదడును నమ్మిస్తున్నాము.

ఒంటి వేడి కూడా పొద్దుటికంటే సాయంత్రం కాస్త ఎక్కువగా ఉంటుంది. వార్డులో టెంపరేచరు చార్టు చూస్తే తెలుస్తుంది, చాలామందికి జ్వరం పెరిగేది సాయంత్రాలే. కాబట్టి ఆ వేళ నలతగా ఉండటం వట్టి ఊహ కాదు. మతిమరుపు జబ్బు ఉన్న ముసలివారిలో కొందరు చీకటి పడుతుంటే కంగారు పడతారు, తాము ఎక్కడున్నామో తెలియక ఇంటికి వెళ్దామంటారు. వారిని మాత్రం ఆరుబయట ఒంటరిగా కూర్చోబెట్టవద్దు. మసక పడకముందే లైట్లు వేసి, చేయి పట్టుకుని పక్కన కూర్చోండి.

కిటికీ సంగతి కూడా చెప్పాలి. రోగికి మంచి గాలి తరువాత కావలసినది వెలుగేనని ఫ్లారెన్స్ నైటింగేల్ తన నర్సింగు పుస్తకంలో 1860 నాటికే గట్టిగా వ్రాశారు. 1984లో అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన పిత్తాశయం ఆపరేషను చేయించుకున్న 46 మంది రికార్డులు పోల్చి చూశారు. కిటికీలోనుండి చెట్లు కనబడినవారు, ఇటుక గోడ మాత్రమే కనబడినవారికంటే సగటున ముప్పావు రోజు ముందు ఇంటికి వెళ్లారు. ఘాటైన నొప్పి మందులు కూడా తక్కువే వాడారు. చిన్న పరిశీలనే, అయినా మంచం ఎటువైపు వేయాలో ఆలోచించడానికి చాలు.

పక్కకు నెట్టిన మాట

పగలంతా పనిలో ఉండి ఒక మాటను పక్కకు నెట్టేయవచ్చు. క్యారేజీ కట్టాలి, బస్సు అందుకోవాలి, మంచంలో ఉన్న మనిషికి పక్కబట్టలు మార్చాలి. పొద్దు వాలి చేతులు ఖాళీ అయ్యేసరికి ఆ మాట వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. చాలామందికి ఆ వేళంటే భయం అందుకే. వెంటనే టీవీ పెట్టేస్తారు.

మా దగ్గర చూపించుకున్న ఒక తల్లికి నలభై అయిదేళ్లు. భర్తకు పక్షవాతం. ఆమెకు రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది దసరాకు ముందు, ఆసుపత్రికి వచ్చింది క్రిస్మస్ దాటాక. "నొప్పి లేదు కదా సిస్టరుగారూ, ఏమీ కాదులే అనుకున్నాను. పగలు గుర్తే ఉండేది కాదు. సాయంత్రం అయితే అదే గుర్తొచ్చేది. గుర్తొస్తే సీరియల్ సౌండు పెంచేదాన్ని" అంది. ఒకరోజు కరెంటు పోయింది. చేసేది లేక కూతురితో కలిసి అరుగు మీద కూర్చుంది. ఎదురుగా పొద్దు గూకుతోంది, ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదట. చీకటి పడుతుండగా నోరు విప్పి చెప్పేసింది. తెల్లవారి మొదటి బస్సుకే కూతురు తీసుకువచ్చింది. పరీక్షలో క్యాన్సరని తేలింది. ఆపరేషను జరిగింది, మందులు వాడింది, ఇప్పటికీ రివ్యూలకు తప్పకుండా వస్తోంది. మూడు నెలలు ముందే వస్తే చికిత్స ఇంకా తేలికయ్యేదేమోనని డాక్టరుగారు మాతో అన్నారు. ఆ మాట ఆమెతో మేమెవరమూ అనలేదు.

నొప్పి లేని గడ్డే ఎక్కువ అనుమానించదగినదని స్త్రీలందరూ గుర్తుంచుకోవాలి. సాయంత్రపు నిశ్శబ్దం విషయంలో నా లెక్క ఒకటుంది, పుస్తకాల్లోది కాదు: ఒకే మాట వరుసగా మూడు సాయంత్రాలు వచ్చి ఎదురుగా కూర్చుంటే, నాలుగో రోజు దాన్ని ఎవరో ఒకరికి చెప్పాలి. భర్తకో, కూతురికో, పాస్టరమ్మగారికో, ఓ.పి.లో నర్సుకో.

మొదట కాసేపు ఏమీ ఆలోచించకుండా రంగులు చూడండి. ఫోటో తీయవద్దు, తీయగానే చూడటం అయిపోయిందనుకుంటాము. తరువాత ఆ రోజును వెనక్కి తిప్పి చూసుకోండి. ఈ రోజు ఎవరు నాకు సాయం చేశారు? ఏ పని వాయిదా వేశాను? నా బి.పి. బిళ్ల వేసుకున్నానా? ఈ చివరి ప్రశ్న చూసి నవ్వకండి. రోగికి గంట కొట్టినట్లు మందులిచ్చి, తన బిళ్ల మరచిపోయే భార్యలను నేను వారానికి నలుగురిని చూస్తాను. ఎవరిమీదైనా కోపముంటే, ఎఫెసీయుల పత్రికలో పౌలు దానికి పెట్టిన గడువు సూర్యాస్తమయమే.

ఆలోచించుకోవడం వేరు, కుమిలిపోవడం వేరు. ఆలోచన నుండి రేపు చేయవలసిన చిన్న పని ఒకటి బయటకు వస్తుంది. కుమిలిపోయేవారు నేనెందుకూ పనికిరానన్న చోటే గానుగెద్దులా తిరుగుతుంటారు. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, తిండి, నిద్ర, దేనిమీదా ఆసక్తి తగ్గినా, చనిపోతే బాగుండునన్న తలంపు ఒక్కసారి వచ్చినా అది పొద్దు చూస్తే పోయేది కాదు. అది జబ్బు. విశ్వాసం తక్కువై వచ్చినది కాదు, దానికి మందులున్నాయి. వెంటనే డాక్టరుకు చూపించండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఎక్కడ, ఎలా

మన తీరంలో సముద్రం తూర్పున ఉంది గనుక సూర్యుడు నీళ్లలోనుండి లేచి పొలాల వెనుక, కొండల వెనుక గూకుతాడు. నీటి మీద ఆ రంగులు చూడాలంటే రాజమండ్రి గోదావరి గట్టున నిలబడి కొవ్వూరు వైపు, విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీదనుండి ఎగువకు చూడాలి. అంత దూరం పోనక్కరలేదు. డాబా, చేను గట్టు, పడమటి గుమ్మం ఏదైనా సరిపోతుంది. మబ్బు పట్టిన రోజున కూడా కూర్చోవచ్చు.

సూర్యుని బింబాన్ని గుచ్చి చూడవద్దు, ఎర్రబడినా సరే. కంటి వెనుక పొరకు నొప్పి తెలియదు, దెబ్బ తగిలిన సంగతి తరువాత గాని తెలియదు. పక్కనున్న ఆకాశాన్ని చూడండి. కంటి ఆపరేషను అయినవారు నల్లద్దాలు పెట్టుకోండి. డెంగీ దోమ పొద్దు గూకే ముందు బాగా కుడుతుంది, మలేరియా దోమ చీకటి పడగానే బయలుదేరుతుంది. కాబట్టి చేతులు, కాళ్లు కప్పుకోండి, చంటిపిల్లలను లోపలే ఉంచండి.

వార్డులో ఉన్నవారు డ్యూటీ సిస్టరును అడగండి. లేవగలిగినవారిని వరండా చివరకు వీల్‌చైరులో తీసుకువెళతారు. లేవలేనివారి మంచం కిటికీ వైపు తిప్పుతారు. సెలైన్ ఎక్కుతున్నవారు మాత్రం అది అయ్యేదాకా ఆగాలి.