పెట్టె మీద పేరు, పెట్టెలో సరుకు

హనుమకొండలో ఇరవై నాలుగేళ్లు కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మాను. 1998లో ఎత్తిన షట్టరును 2022లో దించేశాను. వారానికోసారి కాజీపేటలో పొద్దుటి బండి ఎక్కి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేవాణ్ని. వచ్చేటప్పుడు మదర్‌బోర్డులు, ర్యాములు సంచిలో, గ్రాఫిక్స్ కార్డులు మాత్రం ఒళ్లో. ఈ మధ్యలో ఆర్‌ఈసీ ఎన్‌ఐటీ అయింది, హాస్టల్ పిల్లల తరాలు మారాయి. వాళ్లు అడిగేది మాత్రం అదే: "అంకుల్, ఈ రెండిట్ల ఏది మంచిది?" దుకాణం లేకపోయినా ఫోన్‌కు రెండేసి పెట్టెల ఫొటోలు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక తగ్గి ఇది రాస్తున్నాను.

1. ముందు మానిటర్, తర్వాత కార్డు

రెండు కార్డుల మధ్య ఊగే కుర్రాడిని నేను మొదట అడిగేది "నీ మానిటర్ ఏంది?" అని. సగం మందికి తెలియదు. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. ఒక కార్డు 110 ఫ్రేములిస్తుంది, ఇంకోటి 130 ఇస్తుందని రాత్రంతా వాదించుకున్నా ఆ తెర మీద కంటికి రెండూ ఒకటే. మౌస్ కాస్త చురుగ్గా అనిపిస్తుంది, అంతే. 1080పీ తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి, 1440పీ మీద 36.9 లక్షలు, 4కె మీద 83 లక్షలు. ఒక తెర మీద గెలిచిన కార్డు ఇంకో తెర మీద ఓడిపోవచ్చు. ఎనిమిది వేల మానిటర్ ఉన్నవాడికి నలభై వేల కార్డు నేనూ అమ్మాను. సరుకు కదిలితే చాలనుకున్న రోజులవి.

2. పేరు ఒకటైతే సరుకూ ఒకటే అనుకోవద్దు

నన్ను ఎక్కువసార్లు బోల్తా కొట్టించినవి పేర్లే. కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

2002లో ఎన్విడియా 'జీఫోర్స్ 4' అన్న ఒకే పేరు కింద రెండు రకాలు తెచ్చింది, టీఐ అని ఒకటి, ఎంఎక్స్ అని ఇంకోటి. ఎంఎక్స్ లోపల ఉన్నది చాలావరకు జీఫోర్స్ 2 నాటి పనితనమే. అంతకు ముందు ఏడాది వచ్చిన జీఫోర్స్ 3లో ఉన్న పిక్సెల్ షేడర్లు కూడా అందులో లేవు. నాలుగు మూడు కంటే వెనక ఉండటం నేను అక్కడే చూశాను. కొన్నాళ్లకు కొత్త ఆటలు షేడర్లు అడగడం మొదలుపెట్టాయి. చవగ్గా వచ్చిందని ఎంఎక్స్ కొన్నవాళ్లకు వాటిలో కొన్ని తెరుచుకోనే లేదు.

అది పాతకథ అనుకుంటే 2018 చూడండి. జీటీ 1030 మొదట జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. తర్వాత అదే పేరుతో డీడీఆర్4 రకం వచ్చింది. మెమరీ వేగం సెకనుకు 48 గిగాబైట్ల నుంచి 16.8కి పడిపోయింది, ఆటల్లో ఫ్రేములు సగానికి దిగాయి. ఏఎమ్‌డీ వాళ్లూ తక్కువ తినలేదు. ఆర్‌ఎక్స్ 560 అన్న పేరు మీదే 1024 కోర్లున్నదీ, 896 కోర్లున్నదీ అమ్మారు. మళ్లీ ఎన్విడియాకే వస్తే, ఆర్‌టీఎక్స్ 3060 ముందు 12 జీబీ, 192 బిట్ బస్సుతో వచ్చింది. 2022 చివర్లో అదే పేరుకు 8 జీబీ, 128 బిట్ తమ్ముడు పుట్టాడు. ఆ ఏడాదే 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించారు. 899 డాలర్ల 12 జీబీ కార్డులో వేరే చిప్ ఉందని గొడవ కాగానే దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2023 జనవరిలో అది 4070 టీఐ పేరుతో 799కి వచ్చింది. ఆ పేరుకు వంద డాలర్లు వసూలు చేద్దామనుకున్నారన్నమాట.

నా సొంత దెబ్బ ఇంకో కార్డుతో. పేరు చెప్పను. ఒకే గదిలో ఉండే ఇద్దరు పిల్లలు రెండు నెలల తేడాతో నా దగ్గర ఒకే పేరున్న కార్డు కొన్నారు. ఒకడికి ఆట నున్నగా నడుస్తుంది, రెండోవాడికి ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఇద్దరూ రెండు క్యాబినెట్లను ఆటోలో వేసుకుని దుకాణానికి వచ్చారు. డ్రైవర్ల తప్పన్నాను, రెండుసార్లు విండోస్ మళ్లీ ఎక్కించాను, ర్యామ్ మార్చి చూశాను. మూడో రోజు పెట్టె పక్కన చిన్నక్షరాలు చదివితే తెలిసింది, మెమరీ రకం వేరు. చెనాయ్‌లో నాలుగు వందలు బేరమాడి తగ్గించానని మురిసిపోయింది ఆ కార్డు మీదే. వాపసు తీసుకుని డబ్బు ఇచ్చేశాను. ఆ కార్డు చాలాకాలం కౌంటర్ మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పనికొచ్చింది.

అప్పటినుంచి పేరు తర్వాత నాలుగు చదువుతాను: మెమరీ ఎంత, ఏ రకం, బస్సు ఎన్ని బిట్లు, కోర్లు ఎన్ని. కార్డు బిగించాక జీపీయూ-జెడ్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్ ఈ నాలుగూ చూపిస్తుంది. దుకాణంలోనే తెరిపించండి. దుకాణదారు మొహం చూడొద్దు, తెర చూడండి.

3. 'ఫ్రేముకు ఎన్ని రూపాయలు' అన్న లెక్క సగమే

ధరను ఫ్రేములతో భాగించి ఏది తక్కువైతే అది కొనమంటారు. లెక్క కోసం అనుకుందాం. ఒక కార్డు 25,000, 80 ఫ్రేములు. ఇంకోటి 32,000, 95 ఫ్రేములు. మొదటిది ఫ్రేముకు 312 రూపాయలు పడుతుంది, రెండోది 337. మొదటిదే చవక, సరే.

ఇప్పుడు సిస్టమ్ మొత్తం కొత్తగా కట్టించుకునేవాడి సంగతి చూద్దాం. మిగతా సామాను 50,000. వాడు 80 ఫ్రేములకు 75,000 పెడుతున్నాడు, ఒక్కోటి 937. రెండో కార్డుతో 95 ఫ్రేములకు 82,000, ఒక్కోటి 863. కార్డు ఒక్కటే ఆట ఆడదు కదా. ఇక పాత కార్డు మీద 50 ఫ్రేములు వస్తున్నవాడు. వాడికి 25,000తో కొత్తగా వచ్చేవి 30 ఫ్రేములే, ఒక్కోటి 833. 32,000 పెడితే 45 వస్తాయి, ఒక్కోటి 711. రెండుచోట్లా తీర్పు తిరగబడింది. అయితే వాడిది 60 హెర్ట్జ్ తెర అయితే రెండు లెక్కలూ దండగే, మొదటి పాఠానికి వెళ్లాలి.

అందుకే "వాల్యూ ఫర్ మనీ ఏది?" అని అడిగితే నేను "ఎవరికి?" అంటాను.

4. పోటీలో ఉన్నవాడే గీసిన పట్టీని నమ్మొద్దు

2001లో ఏటీఐ రేడియాన్ 8500 'క్వేక్ 3' ఆటలో బాగా పరిగెత్తింది. ఎవరో ఆ ఆట ఫైలు పేరును 'క్వాక్' అని మార్చి నడిపితే వేగం పడిపోయింది. డ్రైవరు ఆట పేరును గుర్తుపట్టి, బొమ్మ నాణ్యత తగ్గించి ఫ్రేములు పెంచుతోందని అట్లా బయటపడింది. 2003లో ఎన్విడియా వంతు. 3డీమార్క్ పరీక్ష కోసమే డ్రైవర్లో ప్రత్యేకమైన ఏర్పాట్లు చేసుకున్నారని ఆ పరీక్ష తయారుచేసినవాళ్లే బయటపెట్టారు.

ఇప్పుడు అంత మోటుగా చేయరు. 2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ వేదిక మీద 549 డాలర్ల 5070లో 4090 పనితనం ఉందన్నాడు. అందులో కార్డు నిజంగా గీసిన ఒక ఫ్రేము పక్కన ఏఐ ఊహించి చేర్చిన ఫ్రేములు మూడు దాకా ఉండొచ్చు. చూడ్డానికి బొమ్మ నున్నగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ చేర్చిన ఫ్రేముల్లో ఆట మీ మౌస్‌ను కొత్తగా చదవదు. తుపాకీ గురిపెట్టే ఆటల్లో ఆ తేడా చేతికి తెలుస్తుంది. రెండు కార్డులను పోల్చేటప్పుడు ఫ్రేములు చేర్చే ఆ మీట రెండిట్లోనూ కట్టేసి ఉన్న అంకెలే చూడండి. తర్వాత అది అదనపు సౌకర్యమని వేరే ఖాతాలో రాసుకోండి.

5. సగటు అంకె చాలదు

హనుమకొండ నుంచి ఉప్పల్ పోయే బస్సు ఘట్‌కేసర్ దగ్గర అరగంట ఆగినా సగటు వేగం చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. లోపల కూర్చున్నవాడికి గుర్తుండేది ఆ అరగంటే. ఫ్రేములూ అంతే. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక్క శాతం ఫ్రేముల సంగతి చెప్పే 'వన్ పర్సెంట్ లో' అని రాసే అంకె చూడండి.

6. మెమరీ నిండితే గొప్ప కార్డు కూడా కుంటుతుంది

కార్డు మెమరీ చాలకపోతే పొంగినదంతా మదర్‌బోర్డు దారిలో సిస్టమ్ ర్యామ్‌కు పోయి రావాలి. ఆ దారి ఇరుకు. కొన్ని కార్డులు దాన్ని ఇంకా ఇరుకు చేసుకుని వస్తాయి. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి 4 జీబీ మెమరీ, నాలుగు లేన్ల దారి. కొత్త బోర్డు మీద ఫరవాలేదు, పాత పీసీఐఈ 3 బోర్డు మీద పెడితే ఇంకా డీలాపడుతుంది. చవక కార్డు కొనేవాడి దగ్గర ఉండేది పాత బోర్డే అన్న సంగతి తయారుచేసినవాళ్లకు తట్టలేదో, తట్టినా పట్టలేదో.

2025లో వచ్చిన జోడీ మీద ఈ లెక్క బాగా పనికొస్తుంది. విడుదలైనప్పటి ధరలివి: ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీ 379 డాలర్లు, 16 జీబీ 429. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8 జీబీ 299, 16 జీబీ 349. రెండు కంపెనీలూ రెండు రకాలను ఒకే పేరుతో అమ్ముతున్నాయి, రెండో పాఠం మర్చిపోవద్దు. 16 జీబీ కార్డులను ఎదురెదురుగా పెడితే ఎన్విడియాది కాస్త ముందుంటుంది, రే ట్రేసింగ్ వేస్తే ఇంకొంచెం ముందు. ఆ ధరల్లో ఆ కాస్తకు 80 డాలర్లు ఎక్కువ. 8 జీబీ ఎన్విడియా, 16 జీబీ ఏఎమ్‌డీ మధ్య అయితే నేను రెండో ఆలోచన లేకుండా రెండోదే తీసుకుంటాను.

7. మే నెలలో ఏ గదిలో ఆడతారు?

ఆర్‌టీఎక్స్ 4060 తినేది 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 7600 తినేది 165. యాభై వాట్ల తేడా. రోజుకు నాలుగు గంటల చొప్పున ఏడాదికి 73 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే 511 రూపాయలు, అంతే. కరెంటు బిల్లు చూపించి భయపెట్టేవాళ్ల మాట వినకండి. ఎస్‌ఎంపీఎస్ సంగతి మాత్రం వినండి. డొక్కు ఎస్‌ఎంపీఎస్ మీద మంచి కార్డు పెట్టడమంటే ఎడ్లబండికి లారీ ఇంజను కట్టడమే. రివ్యూ చేసేవాళ్లది ఏసీ గది. వరంగల్ ఎండల్లో రేకుల షెడ్డు కింద అదే కార్డు ఫ్యాను గోల వేరుగా ఉంటుంది. ఎనుమాముల మార్కెట్ వైపు నుంచి రిపేరుకు వచ్చే క్యాబినెట్లలో నేను ఫ్యాను రెక్కల చుట్టూ పత్తి పింజలు తీశాను.

8. డాలర్ ధర మన ధర కాదు, ఈరోజు ధర రేపటిది కాదు

అమెరికాలో 299 అంటే అది పన్ను కలపని ధర. డాలర్ 82 ఉన్నప్పుడు 24,500 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్‌టీ వేస్తే 29,000కు దగ్గర. పంపిణీదారు, దుకాణదారు ఇంకా మొదలే కాలేదు. కాబట్టి విదేశీ రివ్యూలో 'చవక' అన్న కార్డు ఇక్కడ చవక కాకపోవచ్చు. పోటీ కార్డు ఇక్కడ ఎంతకు దొరుకుతుందో అదే రోజు ఫోన్ చేసి కనుక్కోండి.

పోటీ ఉంటే ధర ఎట్లా కరుగుతుందో 2008 జూన్‌లో చూశాను. ఎన్విడియా జీటీఎక్స్ 280ని 649 డాలర్లకు విడుదల చేసింది. కొద్ది రోజులకే ఏఎమ్‌డీ 299కి హెచ్‌డీ 4870 తెచ్చింది. వారాల్లోనే 280 ధర 499కి పడింది. మొదటి రోజు కొన్నవాళ్లు నూట యాభై డాలర్లు వదులుకున్నారు. తర్వాత 2021లో కార్డులన్నీ క్రిప్టో మైనింగ్‌కు పోయి అడిగినంత ఇచ్చినా సరుకు లేదు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక అవే కార్డులు కుప్పలుగా సెకండ్‌హ్యాండ్‌లోకి వచ్చాయి. పాతది కొంటే అరగంట ఆట నడిపించి చూడకుండా డబ్బు తీయొద్దు.

9. పార్టీ కట్టొద్దు

హీరోల అభిమానుల్లాగే ఇక్కడా ఎన్విడియా పచ్చ పార్టీ, ఏఎమ్‌డీ ఎర్ర పార్టీ. నాదీ ఒకప్పుడు ఒక పార్టీ ఉండేది, 3డీఎఫ్‌ఎక్స్ వూడూ. 2000 చివరికల్లా ఎన్విడియా దాని ఆస్తులు కొనేసింది. ఏటీఐని 2006లో ఏఎమ్‌డీ కొన్నది. ఇప్పుడు ఇంటెల్ ఆర్క్ అని మూడోవాడు వచ్చాడు. వాళ్ల బీ580, విడుదలైనప్పుడు 249 డాలర్లకు 12 జీబీ, నాకు నచ్చింది. పాత ప్రాసెసర్‌తో మాత్రం అది తన అసలు వేగం చూపదు.

10. ఇవన్నీ చెప్పినా వాళ్లు వినరు

పోయిన దసరాకు మా మనవడికి కార్డు కొనాలి. పైన చెప్పిన 16 జీబీ జోడీ ముందు పెట్టి తెర, బోర్డు, ఎస్‌ఎంపీఎస్, ఎండాకాలం అన్నీ కాగితం మీద వేసి చూపించాను. వాడు బుద్ధిగా విన్నాడు. మూడో పాఠం లెక్కలో ఒక తప్పు కూడా పట్టాడు. ఏఎమ్‌డీదే తీసుకుందామని ఇద్దరం ఒప్పుకున్నాం. దుకాణంలో అదే కార్డు రెండు రంగుల్లో ఉంది. తెల్లది పదిహేను వందలు ఎక్కువ.

"తాతా, నా క్యాబినెట్ తెల్లది," అన్నాడు.

"ఫ్రేములు ఎక్కువొస్తాయా?"

"రావు. అద్దంలోంచి కనపడుతది."

బిల్లు నేనే కట్టాను.