విటమిన్ ‘ఇ’ – పూసినంత మాత్రమున చర్మములోనికి పోవునా?

మెత్తని క్యాప్సూలును సూదితో పొడిచి, అందలి నూనెను ముఖమునకు, గాయపు మచ్చలకు పూయు అలవాటు నేడు పల్లెలలోను కనబడుచున్నది. ఆ నూనెలో నున్నది విటమిన్ ‘ఇ’. పూసినదంతయు లోనికి పోవుచున్నదా? ఈ విషయమును మనము కొంచెము విచారింతము.

1922లో అమెరికాలో ఎవాన్స్, బిషప్ అను శాస్త్రజ్ఞులు ఈ విటమినును కనుగొనిరి. ఎండ తాకిడికి చర్మములోని క్రొవ్వు చెడిపోకుండ ఇది కాపాడును.

మన చర్మపు పైపొర ఇటుక గోడవంటిది. మృతకణములు ఇటుకలు, వాని నడుమనున్న క్రొవ్వు సున్నము. అరచేతులు, అరికాళ్లు తప్ప తక్కిన చోట్ల దీని మందము సుమారు 1/50 మిల్లీమీటరు మాత్రమే. విటమిన్ ‘ఇ’ నూనెలో కరగును గాని నీటిలో కరగదు. కావున ఈ క్రొవ్వులో సులభముగా చేరును. దిగువనున్న తడి పొరలలోనికి దిగలేక చాలవరకు అచ్చటనే నిలిచిపోవును. మరియొక చిక్కు కలదు. గాలి, వెలుతురు సోకిన ఇది చెడును. అందుచే తరచు దీనిని అసిటేటు రూపమున అమ్ముదురు. ఆ రూపము నిలువయుండును గాని, చర్మములోని ఎంజైములు దానిని విడదీసిన పిమ్మటనే పనిచేయును.

ఈ చిక్కులను తీర్చుటకు శాస్త్రజ్ఞులు పలు మార్గములు వెదకిరి. పాలలో వెన్న కణములున్నట్లు, నూనెను అతిసూక్ష్మ బిందువులుగా విడగొట్టి నీటిలో కలుపుట ఒకటి. క్రొవ్వుతో చేసిన కంటికి కానరాని సంచులలో నింపుట మరొకటి. తోడు పదార్థములను చేర్చుట ఇంకొకటి. 2005లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ‘సి’, ‘ఇ’ విటమినుల ద్రావణమునకు ఫెరూలిక్ ఆమ్లము చేర్చి పంది చర్మముపై పరీక్షింపగా, ఎండనుండి రక్షణ నాలుగు రెట్లనుండి సుమారు ఎనిమిది రెట్లకు పెరిగినది.

అయినను ఇది సర్వరోగ నివారిణి కాదు. శస్త్రచికిత్స మచ్చలపై జరిపిన ఒక చిన్న పరీక్ష ఫలితములు 1999లో వెలువడినవి. పెక్కుమందికి మేలు కలుగలేదు. కొందరి మచ్చలు మరింత వికారమయ్యెను. మూడింట ఒక వంతు మందికి చర్మము పొక్కి మంట పుట్టెను.

కావున సోదర సోదరీమణులారా! కాలిన గాయముపై క్యాప్సూలు నూనె పూయకుడు. వెంటనే 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచి, శుభ్రమైన బట్ట కప్పి, ఆరోగ్యకేంద్రమునకు పొండు. చర్మమునకు కావలసిన విటమిన్ ‘ఇ’ వేరుసెనగ పప్పులోను, పొద్దుతిరుగుడు నూనెలోను కలదు. పైపూతకన్న ముందు కంచములోని ఆహారమును చూచుకొనుట మనకు మేలు.