ముందు గీయనివ్వండి, ఫార్ములా తర్వాత

పదో తరగతి లెక్కల్లో బహుపదులు, వర్గ సమీకరణాలు వచ్చేసరికి, అప్పటిదాకా స్కేలు పెట్టి సరళరేఖలు గీసిన పిల్లలకు మొదటిసారి వంపు తిరిగే గీత ఎదురవుతుంది. అదే పరావలయం. ఈ దశలో చాలా ఇళ్లలో వినిపించే మాట, "ఫార్ములా బట్టీ పట్టు, మార్కులు వాటంతటవే వస్తాయి" అని. దయచేసి ఆ తొందర పెట్టకండి. కొన్నాళ్లు గ్రాఫు కాగితం మీద చేత్తో గీయనివ్వండి. మీరు లెక్కలు మర్చిపోయి చాలా ఏళ్లయినా ఫరవాలేదు. పక్కన కూర్చుని ప్రశ్నలు అడగగలిగితే చాలు.

వై = ఎక్స్²తో మొదలుపెట్టించండి. ఎక్స్‌కి మైనస్ 3 నుంచి 3 దాకా విలువలు ఇస్తే వై విలువలు 9, 4, 1, 0, 1, 4, 9 వస్తాయి. మైనస్ 3 దగ్గర మీ అమ్మాయి మైనస్ 9 అని రాస్తే కసురుకోకండి, "మైనస్ 3ని మైనస్ 3తో గుణించు" అనండి. బ్రాకెట్టు పెట్టకుండా నొక్కితే చాలా సైంటిఫిక్ కాలిక్యులేటర్లు కూడా మైనస్ 9 అనే చూపిస్తాయి. అవి ముందు 3ని వర్గం చేసి, ఆ తర్వాత మైనస్ తగిలిస్తాయి.

ఇప్పుడు సున్నా నుంచి కుడివైపుకు వెళ్తూ ఒక్కో అడుగుకి వై ఎంత పెరిగిందో అడగండి. 1, 3, 5. తర్వాత ఎంత పెరగాలి? 7 అని తనే చెబుతుంది, 16 తనే రాస్తుంది. పైనుంచి వదిలిన వస్తువు వరుస క్షణాల్లో పడే దూరాలు కూడా ఇదే నిష్పత్తిలో ఉంటాయని గెలీలియో 1638లో వెలువడిన తన పుస్తకంలో రాశాడు. ఈ ముక్క పరీక్షలో రాదు, అయినా చెప్పండి. వింటే పిల్లల కళ్లు వెలుగుతాయి.

తర్వాత వై = ఎక్స్² - 3ఎక్స్ - 4. మైనస్ 2 నుంచి 5 దాకా విలువలు 6, 0, -4, -6, -6, -4, 0, 6. గీత ఎక్స్ అక్షాన్ని దాటే మైనస్ 1, 4 దాని శూన్యాలు. ఇక్కడ పిల్లలు తరచూ చేసే పని ఒకటుంది. 1 దగ్గర, 2 దగ్గర రెండుచోట్లా మైనస్ 6 ఉంది కదా అని ఆ రెండు బిందువుల్నీ స్కేలుతో కలిపేస్తారు. గీత అడుగున చదునుగా తేలుతుంది. తప్పని కొట్టేయకుండా, "మధ్యలో ఒకటిన్నర దగ్గర ఎంత వస్తుందో చూడమ్మా" అనండి. మైనస్ 6.25 వస్తుంది. గీత ఇంకాస్త కిందికి దిగి తిరిగి లేస్తోందన్నమాట. ఎక్కువ లెక్కలు చేయించడం కన్నా ఈ ఒక్క బిందువును తనంతట తాను కనుక్కోనివ్వడం మేలని నా గట్టి నమ్మకం.

వంపు బోర్లా పడటం కూడా చూపించండి. 20 సెంటీమీటర్ల దారం ముడివేసి దాంతో దీర్ఘచతురస్రాలు చేయించండి. పొడవు 1 అయితే వైశాల్యం 9, పొడవు 2 అయితే 16, ఆ పైన 21, 24, 25, మళ్లీ 24. ఈ విలువలు గ్రాఫు మీద పెడితే శిఖరం 5 దగ్గర, అంటే సరిగ్గా చతురస్రం దగ్గర కనిపిస్తుంది.

ఫోన్లో జియోజీబ్రా, డెస్మాస్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఎక్స్² ముందున్న గుణకాన్ని మారుస్తూ గీత ఇరుకవడం, వెడల్పవడం చూడటానికి అవి చాలా బాగుంటాయి. కానీ చేత్తో నాలుగైదు గ్రాఫులు గీశాకే ఫోన్ చేతికివ్వండి.

చివరగా వై = ఎక్స్² - 3ఎక్స్ - 1 గీయించండి. కుడివైపు గీత అక్షాన్ని 3.3 దగ్గర దాటినట్టు కనిపిస్తుంది. 3.3ను సమీకరణంలో పెట్టి చూడమనండి. మైనస్ 0.01 వస్తుంది, సున్నా కాదు. ఎంత సన్నటి పెన్సిల్‌తో గీసినా కాగితం మీద కచ్చితమైన విలువ దొరకదని అప్పుడు తెలుస్తుంది. ఫార్ములా పేజీ తెరవాల్సింది ఇప్పుడే. అందులో మొదటి భాగం 1.5 ఇస్తుంది. గీతను సమానంగా చీల్చే సౌష్ఠవాక్షం ఉన్నది అక్కడే. వర్గమూలం ఉన్న రెండో భాగం, ఆ అక్షానికి అటూ ఇటూ ఎంత దూరంలో శూన్యాలున్నాయో చెబుతుంది. ప్లస్ ఆర్ మైనస్ గుర్తు ఎందుకుందో తన గ్రాఫు మీదే వేలుపెట్టి చూపించమని అడగండి.